గండికోట సీమలో తోలు మెత్తన

పచ్చితోలు బరువులో సగానికి మించి నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు ఆరే కొద్దీ తోలులోని సన్నని పీచులు ఒకదానికొకటి అంటుకుపోయి తోలు బిరుసెక్కుతుంది. తంగేడు చెక్కలోనో కరక్కాయ నీళ్ళలోనో ఊరబెట్టి పదును చేస్తే తోలు కుళ్ళదు. అయితే కుళ్ళకుండా ఉండడం వేరు, మెత్తగా ఉండడం వేరు. పదును చేసిన తోలును కూడా నూనె పట్టించకుండా ఎండలో వదిలేస్తే గట్టిపడి, మడత పడ్డ చోటల్లా పగులుతుంది. తోలు మెత్తగా ఉండాలంటే తడి పూర్తిగా ఆరకముందే నూనె పట్టించాలి, ఆరుతున్నంతసేపూ దాన్ని సాగదీసి నలపాలి, ఆ తర్వాత వాడినన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ నూనె అందిస్తూ ఉండాలి. కూర్చునే చర్మానికైనా, కొలిమి తిత్తికైనా, బావిలోంచి నీళ్ళు తోడే కపిలకైనా ఇదే పద్ధతి. గండికోట చుట్టుపక్కల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఈ విద్య తరతరాలుగా మాదిగ కుటుంబాల చేతుల్లో నడిచింది. ఈ సీమలో మెట్టసేద్యం తోటసేద్యంగా మారడానికి ఆధారమైన పనుల్లో ఇదొకటి.

ఈ నేల తోలుపనికి అనుకూలమూ, ప్రతికూలమూ కూడా. పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకుని పారే లోయ అంచున గండికోట ఉంది. చుట్టూ నల్లరేగడి చేలు, నాపరాతి బండలు, ముళ్ళపొదల గుట్టలు. వాన తక్కువ, గాలిలో తడి తక్కువ, వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి చోట తోలు కుళ్ళేలోపే ఆరుతుంది కాబట్టి పచ్చితోలును నిలవ చేయడం తేలిక. కానీ అదే ఎండ పదును చేసిన తోలులోని తడిని ఒక్కసారిగా లాగేస్తుంది. కోస్తాలో నీడన రెండు మూడు రోజులు పట్టే ఆరబెట్టుడు ఇక్కడ వేసవిలో ఒక పూటలోనే అయిపోతే, తోలును నలపడానికి వ్యవధి మిగలదు. తడిసిన పచ్చితోలు అరవై డిగ్రీల వేడి దాటితే ముడుచుకుని జిగురవుతుంది. చెక్కతో పదును చేసిన తోలు అంతకంటే కొంత ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. మండే నాపరాతి మీద తడితోలు పరచకుండా చెట్టునీడన కట్టి ఆరబెట్టడం వెనక కారణం ఇదే.

తోలుకు కావలసిన మొదటి సరుకు ఈ గుట్టల మీదే పెరుగుతుంది. తంగేడు పొద వాన లేని ఏడాది కూడా పచ్చగా నిలబడి పసుపుపచ్చని పూలు పూస్తుంది. దాని బెరడులో టానిన్ అనే వగరు పదార్థం దాదాపు ఐదో వంతు ఉంటుంది. దక్షిణ భారతమంతటా తోళ్ళ పరిశ్రమ నడిచింది ప్రధానంగా ఈ చెక్క మీదే. తమిళులు దీన్ని ఆవారం అంటారు, ఉత్తరాదిన తర్వర్ అంటారు. కొమ్మల నుంచి బెరడు ఒలిచి, ఎండబెట్టి, రోట్లో దంచి నీళ్ళలో నానబెడితే ఎర్రటి కషాయం దిగుతుంది. కరక్కాయ అడవుల నుంచి వచ్చేది. నల్లమల, శేషాచలం కొండల్లో దొరికే కరక్కాయలను తంగేడు పని అయ్యాక చివర్లో వాడేవారు. తంగేడుతో పదును చేసిన తోలు వెలుతురుకు క్రమంగా ఎర్రబడుతుంది. కరక్కాయ నీళ్ళు ఆ ఎరుపును ఆపి లేత పసుపు రంగు నిలిపి ఉంచుతాయి.

తోలు పదును చేసే చోటును లంద అంటారు. ఊరికి దూరంగా, వాగు దగ్గర లేదా గుంట దగ్గర దీన్ని ఏర్పాటు చేసేవారు. చచ్చిన ఎద్దు, ఆవు, గేదె తోలు ఒలిచి తెచ్చి మొదట మట్టి, నెత్తురు పోయేదాకా కడుగుతారు. తర్వాత సున్నపు నీళ్ళలో కొన్ని రోజులు వేస్తారు. సున్నం వెంట్రుకల మొదళ్ళను వదులు చేస్తుంది, తోలును ఉబ్బించి పీచులను విడదీస్తుంది. బొచ్చు గీకి, తిరగేసి మాంసం వైపు అంటుకున్న కొవ్వు, పొరలు చెక్కేస్తారు. ఇక్కడే మెత్తదనానికి తొలి పరీక్ష ఎదురవుతుంది. సున్నం పూర్తిగా పోయేదాకా కడగకపోతే తోలు ఎన్ని నూనెలు పోసినా పెళుసుగానే ఉంటుంది. పదేపదే నీళ్ళు మార్చి, కాళ్ళతో తొక్కి తొక్కి ఆ సున్నాన్ని వెళ్ళగొట్టాలి. 1800–1801లో మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ అక్కడి మాదిగలు తోళ్ళు పదును చేసే తీరును వివరంగా రాసి పెట్టాడు. రాయలసీమకు ఆనుకుని ఉన్న ఆ ప్రాంతంలోనూ మూల సరుకు తంగేడే.

పల్లె లందల్లో తరచుగా కనిపించే పద్ధతి తోలునే సంచిగా కుట్టడం. గీకి కడిగిన తోలును అంచుల వెంబడి నారతో కుట్టి, పైన నోరు వదిలి, చెట్టు కొమ్మకో మూడుకాళ్ళ గుంజకో వేలాడదీస్తారు. లోపల దంచిన తంగేడు చెక్క నింపి కషాయం పోస్తారు. కషాయం తోలు గుండా ఊరి బొట్లుబొట్లుగా కింద పెట్టిన కుండలో పడుతుంది. నిండిన కుండను ఎత్తి మళ్ళీ సంచిలో పోస్తారు. పాత చెక్క తీసి కొత్త చెక్క వేస్తారు, సంచిని తలకిందులు చేసి రెండో వైపు కూడా ఊరనిస్తారు. తొట్టిలో ముంచితే వారాలు పట్టే పని, కషాయం తన బరువుతో తానే తోలులోకి దూరడం వల్ల చాలా తక్కువ రోజుల్లో పూర్తవుతుంది. తక్కువ నీళ్ళతో పని కావడం ఈ కరువు సీమకు ఇంకో సౌకర్యం. లోపం కూడా ఒకటుంది. కుట్టు దగ్గర, మెడ దగ్గర కషాయం సమంగా ఎక్కదు. అలాంటి చోట తోలు లోపల పచ్చిగా మిగిలిపోయి, ఆరాక కొయ్యబారుతుంది. అనుభవమున్న పనివాడు అంచు కొంచెం కోసి చూస్తాడు. కోతలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే రంగు కనిపిస్తేనే తోలు దిగినట్టు. మధ్యలో తెల్లని గీత కనిపిస్తే మళ్ళీ కషాయం పోయవలసిందే.

తోలు దిగాక మొదలయ్యేది నూనె పని. తడి తోలులో నీళ్ళు పీచుల మధ్య జాగా పట్టుకుని ఉంటాయి. ఆ నీళ్ళు మెల్లగా బయటికి పోతుండగా పైన నూనె ఉంటే అది ఖాళీ అయిన జాగాలోకి దిగుతుంది. అందుకే కడిగి, పిండి, ఇంకా చేతికి చల్లగా తగులుతున్న తోలుకు నూనె రాయాలి. పూర్తిగా ఎండిన తోలుకు రాస్తే నూనె పైనే జిడ్డుగా మిగులుతుంది, లోపలి పీచు ఎండిపోయే ఉంటుంది. పూర్తిగా ఎండిన తోలును మెత్తన చేయాలంటే మళ్ళీ తడిపి, చెమ్మ సమంగా ఎక్కాక నూనె పట్టించాలి. ఎంత రాయాలన్నది కూడా చేతివాటం మీద తెలిసే సంగతి. తక్కువైతే పగులు, ఎక్కువైతే తోలు వడలి సాగిపోతుంది, మక్కు వాసన వస్తుంది.

ఏ నూనె వాడాలన్న విషయంలో ఈ సీమ అదృష్టం చేసుకుంది. మెట్టచేలలో ఆముదం చెట్లు, చేల గట్ల మీదా వాగుల ఒడ్డునా కానుగ చెట్లు ఉన్నవే. అవిసె నూనె లాంటివి గాలి తగిలి గట్టి పొర కడతాయి, తోలుకు అవి చేటు. ఆముదం ఎన్నాళ్ళున్నా పొర కట్టదు, జిగట తగ్గదు. దాని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లం కావడం ఇందుకు కారణం. పీచుల మధ్య చేరిన ఆముదం అవి ఒకదాని మీదొకటి జారేలా చూస్తుంది. కొత్త కిర్రు చెప్పులను ఆముదంలో నానబెట్టి తొడుక్కునే అలవాటు తెలుగునాట ఊరూరా ఉండేది. కానుగ నూనె చేదు, వాసన ఘాటు. దాన్ని రాసిన తోలును పురుగు త్వరగా ముట్టదు. నువ్వుల నూనె, పశువుల కొవ్వు కూడా వాడేవారు. నూనె ఒక్కటే చాలదు. చెమ్మ ఆరుతున్నంతసేపూ తోలును ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగాలి, మొద్దు అంచు మీద ఈడ్చాలి, చుట్టి కాళ్ళతో తొక్కాలి. అంటుకోబోయే పీచులను అంటుకోనివ్వకుండా విడదీయడమే ఈ శ్రమంతటి ఉద్దేశం. అరపూట అలక్ష్యం చేస్తే వారాల పని పాడయ్యేది. ఈ ఘట్టాన్ని నూనె రాయడంతో సమానంగానో, అంతకంటే ముఖ్యంగానో చూడాలి. నలపని తోలును నూనె కాపాడలేదు గానీ, బాగా నలిపిన తోలు కొద్ది నూనెతోనే మెత్తబడుతుంది.

అన్ని తోళ్ళకూ మెత్తదనం అక్కర్లేదు. తప్పెటకు బిగించే మేకతోలును, దూడతోలును పదును చేయరు. పచ్చితోలునే గీకి, లాగి కట్టి ఆరనిస్తారు. బిరుసుగా ఉంటేనే అది మోగుతుంది, బిగువు తగ్గినప్పుడు మంట సెగకు చూపిస్తారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కళాకారులు కూడా మేకతోలును పదును చేయకుండా, వెలుగు దాని గుండా ప్రసరించేలా పలుచగా తీస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తంగేడు చెక్క ఎక్కిన తోలు రంగు తేలి మసకబారుతుంది, దాని గుండా దీపం వెలుగు రాదు. ఒకే మేకతోలు ఒకచోట మోగడానికి, ఒకచోట వెలగడానికి, ఒకచోట వంగడానికి మూడు రకాలుగా తయారవుతుంది.

బొచ్చు ఉంచి పరచుకునే చర్మం తయారీ వీటన్నిటికంటే కష్టం. సున్నం తగిలితే వెంట్రుక ఊడుతుంది కాబట్టి సున్నం వాడకూడదు. తంగేడు కషాయం వెంట్రుకకు మరక చేస్తుంది. అందుకని ఉప్పు, పటిక కలిపి మాంసం వైపు పట్టించి పదును చేసే పద్ధతి ప్రపంచమంతటా అమల్లోకి వచ్చింది. పటిక చర్మం తెల్లగా, మెత్తగా వస్తుంది. చిక్కల్లా నీళ్ళతోనే. తడిస్తే పటిక కరిగి బయటికి పోతుంది, చర్మం మళ్ళీ పచ్చితోలులా ఎండుతుంది. ఉప్పు మిగిలిపోతే గాలిలోని చెమ్మను పీల్చుకుని వానాకాలం తడిగా, వేసవిలో గట్టిగా మారుతూ ఉంటుంది. కాబట్టి ఇలాంటి చర్మాన్ని ఉతకకూడదు. మాంసం వైపు పొరలన్నీ పలుచగా చెక్కి, చెమ్మ ఉండగానే ఆ వైపు మాత్రమే నూనె రాసి, మొద్దు అంచు మీద అటూ ఇటూ లాగుతూ ఆరబెట్టాలి. మడిచి దాచకుండా చుట్ట చుట్టి ఉంచాలి.

తపస్సుకు, జపానికి ఆసనంగా జింక చర్మం, పులి చర్మం వాడడం, ఉపనయనంలో వటువుకు కృష్ణాజినం ముక్క కట్టడం పాత ఆచారం. బ్రిటిషు కాలంలో వేట వేడుకగా మారాక పులి, చిరుత చర్మాలను తలతో సహా తివాచీలుగా చేయించుకునే మోజు పెరిగింది. 1900లో మైసూరులో మొదలైన వాన్ ఇంగెన్ సంస్థ ఈ పనికి దక్షిణాదిలోనే కాక ప్రపంచమంతటా పేరు పొందింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేసింది. ఆ సంస్థ 1999లో మూతపడింది. అడవి జంతువుల దృష్ట్యా ఆ చట్టం రావలసినంత త్వరగా రాలేదనే చెప్పాలి. గండికోట సీమ రైతుకు మాత్రం చర్మపు పరుపు ఎప్పుడూ అవసరం కాలేదు. కురుబలు నేసిన గొర్రెబొచ్చు కంబళి చలికి, వానకు, పడకకు సరిపోయేది. ఇక్కడ తోలు మెత్తనకు అసలు గిరాకీ బావి దగ్గర నుంచి, కొలిమి దగ్గర నుంచి, కోట నుంచి వచ్చింది.

గండికోట దుర్గం విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో బలపడింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. 1652లో వజ్రాల వ్యాపారి తావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చి, కొండ అంచున సాగే ఇరుకు దారిని, కోట బలాన్ని వర్ణించాడు. కోటలో ఫిరంగులు పోత పోయడానికి క్లాడ్ మాయే అనే ఫ్రెంచివాడు కుదిరిన సంగతీ తావెర్నియే రాతల్లోనే ఉంది. లోహం కరిగించే ప్రతి కొలిమికీ ఊపిరి తోలుతిత్తి. మేకతోలును కడుపు కోయకుండా మెడ వైపు నుంచి ఒలిచి, పదును చేసి, కాళ్ళ దగ్గర కట్టి చేసే ఈ తిత్తి నిమిషానికి ఎన్నోసార్లు ముడుచుకుని విచ్చుకోవాలి, అదీ నిప్పు పక్కన. వేడికి దానిలోని నూనె త్వరగా ఎండిపోతుంది. పగిలిన తిత్తితో ఇనుము కరగదు. దక్కను కోటల్లో గుర్రాల జీనులు, కళ్ళేలు, కత్తుల ఒరలు, డాళ్ళు, నగారాలు, నీళ్ళు మోసే తిత్తులు అన్నీ తోలువే. కోటలను కట్టించిన నాయకుల పేర్లు శాసనాల్లో నిలిచాయి. గుర్రానికి జీను కుట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఊళ్ళలో ఈ పనికి కూలి రొక్కంగా అందేది కాదు. పంట కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర అనే వాటా ఇచ్చేవారు. అందుకు బదులు మాదిగ కుటుంబం తనకు కేటాయించిన రైతుల ఇళ్ళకు చెప్పులు, ఎద్దుల మెడపట్టెలు, చర్నాకోలలు, తోలువార్లు, కపిల తోలు ఇవ్వాలి, బాగుచేయాలి. చచ్చిన పశువు తోలు మీద హక్కు ఆ కుటుంబానిదే. ఈ ఏర్పాటును పల్లెల సహకారంగా వర్ణించడం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది సగం నిజమే. మేర ఎంతన్నది కొలిచేవాడి దయ. పంట పోతే మేరా పోయేది, పని మాత్రం తప్పేది కాదు. తోలు లేకుండా ఒక్క రోజు గడవని ఊరు, ఆ తోలు చేసినవాణ్ణి తాకరానివాడని ఊరి బయట ఉంచింది. లంద వాసనను సాకుగా చూపింది గానీ, ఆ లందలో తయారైన కపిల తోడిన నీళ్ళను తాగింది, వాటితో పండిన గింజలు తిన్నది. తమ పుట్టుకను జాంబవుడితో ముడిపెట్టి చెప్పే జాంబపురాణాన్ని మాదిగలకు డక్కలివాళ్ళు పాడి వినిపించే సంప్రదాయం ఉంది. తోలుపనికి లోకంలో ఉన్న ఆద్యస్థానాన్ని చెప్పుకునే కథ అది.

తోలు మెత్తనకు అన్నిటికంటే గట్టి పరీక్ష కపిల. కోస్తాలో, తెలంగాణలో మోట అనేదే రాయలసీమలో కపిల. బావి గట్టు మీద రాతి కూసాల మధ్య గిలక ఉంటుంది. దాని మీదుగా మోకు కట్టి, వాలుదారి వెంట ఎద్దులను దింపితే కింది నుంచి నీళ్ళబాన పైకి వస్తుంది. బాన అడుగున ఏనుగు తొండంలా పొడవాటి తోలుగొట్టం కుట్టి ఉంటుంది. దాని కొసకు ఇంకో సన్నని తాడు. బాన పైకి వస్తున్నంతసేపూ ఆ తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి నీళ్ళు పోవు. గట్టు చేరగానే తొండం విచ్చుకుని తొట్టిలోకి నీళ్ళు వదులుతుంది. మనిషి చేయి పెట్టే పనే లేదు. ఒక్కో తోడుకు వంద లీటర్లకు పైగా నీళ్ళు వచ్చేవి. ఎంతో తెలివిగా అమర్చిన ఈ యంత్రమంతా తొండం మెత్తదనం మీద నిలబడింది. రోజుకు వందల సార్లు అది ఒకే చోట మడత పడాలి, మడత విప్పాలి. పైగా పొద్దున్నుంచి తడి, మధ్యాహ్నం ఎద్దులను విప్పాక మండుటెండలో ఎండు, సాయంత్రం మళ్ళీ తడి.

చెక్కతో పదును చేసిన తోలుకు ఈ తడి, ఎండు చక్రం కంటే శత్రువు లేదు. నీళ్ళలో నానిన ప్రతిసారీ కొంత టానిన్, కొంత నూనె కొట్టుకుపోతాయి. అందుకే తొండానికి ఎప్పటికప్పుడు ఆముదమో కొవ్వో పట్టించాలి. పని లేని రోజుల్లో దాన్ని ఊడదీసి నీడన వేలాడదీయాలి. మడత దగ్గర నెర్రె కనబడగానే మాదిగ వచ్చి ఆరెతో పొడిచి, సన్నటి తోలువారుతో అతుకు వేస్తాడు. కుట్టు రంధ్రాల్లో కొవ్వు కూరుతాడు. ఇనుప మేకులు వాడడు. తడి ఇనుము తంగేడు టానిన్‌తో కలిస్తే నల్లటి మరక పడి, చుట్టూ ఉన్న తోలు పెళుసవుతుంది. వరి మడికో చెరకు తోటకో నీళ్ళు కట్టే రోజుల్లో తొండం పగిలితే పైరు ఎండేది. అప్పుడు ఊరి బయట ఉన్న ఇంటికి రైతే స్వయంగా పరుగెత్తేవాడు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. అలా కంపెనీకి దక్కిన ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉన్నాడు. చెరువులు, బావులు ఆధారంగా సేద్యం సాగే ఈ ప్రాంతంలో కంపెనీ పాలనలోనూ కపిల తీరు మారలేదు. తోలుకు మాత్రం కొత్త బేరగాడు వచ్చాడు. 1840ల ప్రాంతంలో పుదుచ్చేరికి చెందిన చార్లెస్ డి సుసా అనే యురేషియన్ మద్రాసులో మెరుగుపరచిన పద్ధతిలో తోళ్ళు పదును చేయించాడు. సున్నం జాగ్రత్తగా తీసేయడం, తంగేడు తర్వాత కరక్కాయ వేయడం, చివర నూనె పట్టించడం ఆ పద్ధతిలోని మెట్లు. పల్లె లందలో చేతికి తెలిసిన పనే అక్కడ తొట్ల వరుసల్లో కొలతల ప్రకారం జరిగింది. అలా తయారైన పశువుల తోళ్ళు ‘ఈస్టిండియా కిప్స్’ అన్న పేరుతో లండన్ చేరాయి. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, ముద్దనూరు మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం పూర్తయింది. గండికోట పక్క పల్లెల తోళ్ళు, తంగేడు చెక్క మద్రాసుకు పోవడానికి దారి ఏర్పడింది.

అయిదేళ్ళు తిరిగేసరికి 1876–78 కరువు వచ్చింది. దత్తమండలాల్లో మనుషులూ, పశువులూ గుంపులు గుంపులుగా చనిపోయారు. తోళ్ళ ఎగుమతి మాత్రం ఆ ఏళ్ళలో ఎగబాకింది. చచ్చిన ప్రతి ఎద్దు తోలూ రైలెక్కింది. కరువు తర్వాత 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం వచ్చి, బావులు తవ్వుకోవడానికి సర్కారు అప్పు ఇవ్వడం మొదలైంది. కొత్త బావికి కొత్త కపిల కావాలి, కపిలకు మంచి గేదెతోలో ఎద్దుతోలో కావాలి. సరిగ్గా అప్పుడే తోలు ధర పల్లె చేతికి అందకుండా పెరిగింది. ధర లేనన్నాళ్ళు మాదిగల హక్కుగా వదిలేసిన చచ్చిన పశువు తోలు, ధర పలకగానే పశువు సొంతదారు తనదనడం మద్రాసు రాజధాని అంతటా కనిపించింది. మేర మాత్రం పెరగలేదు.

లండన్ చేరిన తంగేడు తోళ్ళకు అక్కడ వేరే గతి పట్టింది. మద్రాసు నుంచి వెళ్ళిన మేక, గొర్రె తోళ్ళు చవకగా, మెత్తగా ఉండడంతో పుస్తకాల అట్టలకు బాగా వాడారు. కొన్నేళ్ళకే ఆ అట్టలు ఎర్రటి పొడిగా రాలడం మొదలైంది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1900లో ఒక సంఘం వేసి విచారణ జరిపించింది. మరుసటి ఏడు వచ్చిన నివేదిక తర్వర్ చెక్క, అంటే మన తంగేడుతో పదును చేసిన తోళ్ళను త్వరగా పాడయ్యే రకాల్లో చేర్చింది. గ్యాసు దీపాల పొగలోని గంధకపు ఆమ్లాలు ఈ రకం టానిన్‌ను త్వరగా దెబ్బతీస్తాయి. కరక్కాయ రకం టానిన్ అంతకంటే బాగా తట్టుకుంటుంది. తంగేడు మీద ఈ తీర్పు సరైనదే గానీ, అది గ్రంథాలయం అలమరలో వందేళ్ళు కదలకుండా ఉండవలసిన తోలుకు వర్తించే తీర్పు. చెప్పు, తిత్తి, తొండం అరిగిపోయేదాకా పనిచేసి, నిరంతరం నూనె తాగే వస్తువులు. వాటికి తంగేడు తగిన చెక్కే. అదే తంగేడు తోలు మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైనికుల బూట్ల పైభాగాలకు పనికొచ్చింది. 1916 నుంచి ఆ తోళ్ళ కొనుగోలును ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది.

కపిల తోలు సమస్య మద్రాసులో ఒక ఇంజనీరును ఆకర్షించింది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అక్కడి ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసినవాడు. మద్రాసు రాజధానిలో తోళ్ళ పరిశ్రమ మీద 1904లో పుస్తకం రాశాడు. అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ 1884లో పేటెంటు పొందిన క్రోమియం పద్ధతిని ఆయన మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ప్రయోగించి చూశాడు. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు నీళ్ళలో నానినా దాని పదును కొట్టుకుపోదు. చాటర్టన్ ఆ తోలుతో చెప్పులు, బూట్లే కాక కపిల బానలు, తొండాలు చేయించి రైతులకు అమ్మించాడు. అవి తంగేడు తోలు కంటే ఎక్కువ కాలం మన్నాయి. సర్కారు స్వయంగా వ్యాపారం చేయడం మీద అభ్యంతరాలు లేవడంతో ఆ తోలు తయారుచేసిన కర్మాగారం చివరికి రేవా సంస్థానానికి అమ్ముడుపోయింది. 1912లో పల్లవరం దగ్గర వెలిసిన క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే ఆ పక్క పేటకు క్రోంపేట అనే పేరు వచ్చింది.

క్రోమ్ తోలు మెత్తన విషయంలో తంగేడు తోలు కంటే మొండిది. నూనె లేకుండా ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే మళ్ళీ ఎంత తడిపినా పీచులు సరిగా విడవవు. కాబట్టి మొదటిసారి ఆరకముందే నూనె లోపలికి పోవాలి. చేత్తో పైన రాస్తే అంత లోతుకు దిగదు. ఇందుకోసం నూనెను నీళ్ళలో పాలలా కలిసేటట్టు చేసి, తిరిగే పీపాలో తోళ్ళతో పాటు గోరువెచ్చగా తిప్పే పద్ధతి వచ్చింది. నూనె బొట్లు నీళ్ళతో కలిసి లోపలికి వెళ్ళి, అక్కడ నీళ్ళను వదిలి పీచులను పట్టుకుంటాయి. అలా నీళ్ళలో కలిసే తొలి నూనెల్లో ఒకటి ఆముదం నుంచి వచ్చిందే. ఆముదాన్ని గంధకామ్లంతో కలిపి 1870లలో ఐరోపాలో అద్దకపు పని కోసం తయారుచేసిన టర్కీ రెడ్ ఆయిల్ తోళ్ళకూ పనికొచ్చింది. పల్లెలో తడితోలుకు ఆముదం రాసినవాళ్ళు పాటించిన నియమమే, ఆరకముందే నూనె అందాలన్నదే, ఇక్కడ యంత్రంతో అమలైంది. బొచ్చు ఉంచి తివాచీలుగా చేసే గొర్రె, ఆవు చర్మాలను ఈ రోజుల్లో చాలావరకు క్రోమియం లేదా అల్యూమినియం లవణాలతో పదును చేసి, ఇలాంటి నూనెలతోనే మెత్తన చేస్తున్నారు.

ఈ పనికి శాస్త్రపరమైన గౌరవం తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు తెలుగువాడు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ రైతు కుటుంబం నుంచి వచ్చి, తోళ్ళ శాస్త్రాన్ని జీవితంగా ఎంచుకున్నాడు. అగ్రకులాలు ముక్కు మూసుకునే పనిని చదువుగా తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు సంచాలకుడుగా పనిచేశాడు. దేశంలో దొరికే చెక్కలు, కాయల టానిన్ల మీద అక్కడ విస్తృతంగా పరిశోధన సాగింది. ప్రయోగశాలలో తేలిన సంగతి పల్లె లందలోని పనివాడికి అందకపోతే పరిశోధన వృథా అని నమ్మినవాడు ఆయన. 1985లో కనిష్క విమాన విస్ఫోటంలో మరణించాడు.

తంగేడు చెక్కకు మద్రాసు కర్మాగారాల్లో పోటీ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లోనే మొదలైంది. దక్షిణాఫ్రికా నుంచి దిగుమతైన వాటిల్ చెక్క, దాని సారం క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించాయి. కపిలను ఆపేసింది మాత్రం తోలు కాదు, ఇంజను. కపిల తొండానికి క్రోమ్ తోలు చేయించిన చాటర్టనే మద్రాసు రాజధానిలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టించడానికీ ముందు నడిచాడు. స్వాతంత్ర్యం తర్వాత తోలు తొండానికి బదులు రబ్బరు గొట్టం, తోలు బానకు బదులు రేకు బాన వచ్చాయి. పల్లెలకు కరెంటు వచ్చాక ఇరవై ముప్పై ఏళ్ళలో కపిలలు మూలపడ్డాయి. పులివెందుల వైపు బావుల స్థానంలో బోర్లు దిగాయి. గండికోట దగ్గర పెన్నా మీద కట్టిన జలాశయం 26 టి.ఎం.సి.లకు పైగా నీళ్ళు నిలుపుతుంది. చెప్పుల గిరాకీని ప్లాస్టిక్, రబ్బరు తీసుకున్నాయి.

లందలు ఆగిపోవడానికి ఇంకో కారణం ఆ పనిచేసినవాళ్ళ నిర్ణయమే. చచ్చిన పశువును మోయడం, వెట్టిగా తోలుపని చేయడం మానేయాలన్న పట్టుదల దళితుల ఆత్మగౌరవ పోరాటాల్లో భాగంగా పల్లెపల్లెనా బలపడింది. చదువు, కూలి రొక్కం, పట్నం దారి తెరుచుకున్నాక చాలా కుటుంబాలు లందను తామే వదిలేశాయి. ఒక విద్య పోయిందని బాధపడేవాళ్ళు, ఆ విద్యను ఏ నిబంధనల మీద చేయించారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు రాయలసీమ మేక, గొర్రె తోళ్ళు ఉప్పు చల్లి కట్టలు కట్టి తమిళనాడులోని రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు కర్మాగారాలకు వెళ్తున్నాయి. పదును చేయడం, నూనె పట్టించడం, నలపడం అక్కడి పీపాల్లో, యంత్రాల్లో జరుగుతున్నాయి. గండికోట గుట్టల మీద తంగేడు పొదలు ఎప్పటిలాగే పెరుగుతున్నా, తోలు కోసం వాటి బెరడు ఒలిచే పని దాదాపు ఆగిపోయింది.